జ్వరమొచ్చిన బ్యాటరీ

ఏసుకుమార్‌కు ఒకచోట కుదురుగా కూర్చునే గుణం పుట్టుకతోనే లేదు. చర్చిలో ప్రసంగం పావుగంట దాటితే వాడి కాళ్ళు చెప్పుల కోసం వెతుకుతాయి. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడతాడు. అలాంటివాడు కర్నూలులో ఇంజనీరింగ్ రెండేళ్ళు ఎలా చదివాడన్నది ఇంట్లోవాళ్ళకే కాదు, వాడికీ అంతుబట్టదు. మూడో సంవత్సరం మొదట్లో, ల్యాబులో సారు బోర్డు మీద గీసిన సర్క్యూట్ తప్పని లేచి నిలబడి చెప్పాడు. "అంత తెలిసినోడివైతే నువ్వే చెప్పు పాఠం" అన్నాడు సారు. వీడు నిజంగానే వెళ్ళి సుద్దముక్క అందుకుని చెప్పేశాడు. చెప్పిందంతా సరైనదే. అదే పెద్ద తప్పైంది. నెల తిరక్కుండా సంచి సర్దుకుని ఊరికి వచ్చేశాడు. ఎందుకు మానేశావని ఎవరడిగినా ఒకటే జవాబు: "కూర్చోలేకపోయినా."

ఇప్పుడు వాడికి ఇరవై నాలుగేళ్ళు. కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర లక్ష్మన్న అనే ఆయన కరెంటు ఆటోలు, స్కూటర్లు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. అందులో బ్యాటరీల పని వీడిది. పొద్దున ఎనిమిదికి బైకెక్కి వెళ్ళడం, చీకటి పడేలోపు తిరిగి రావడం. ఊరు ఓర్వకల్లు దాటి, రాళ్ళ గుట్టల పక్కనుంచి లోపలికి ఐదు కిలోమీటర్లు. తండ్రి ఓబన్న ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ పని. పదిహేను రోజులకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది తల్లి ఏసుమణి, అక్క ప్రేమజ్యోతి.

ప్రేమజ్యోతి తమ్ముడికి పూర్తిగా విరుద్ధం. కూర్చుంటే కొండ. ఒక పని పట్టుకుంటే అది అయ్యేదాకా కళ్ళు పక్కకు తిప్పదు. ఈ గుడ్ల ఆలోచన ఆమెదే.

ఆ పేటలో మూడు తరాలుగా అందరూ చర్చివాళ్ళే. ఈస్టరు ముందు నలభై రోజులు శ్రమకాలం పాటిస్తారు, నీచు ముట్టరు. గుడ్డు కూడా నీచే. మనుషులు ఉపవాసముంటారు గానీ కోళ్ళు ఉండవు కదా. అవి పెడుతూనే ఉంటాయి. ఏటా ఆ నలభై రోజులూ ఇళ్ళల్లో గుడ్లు పేరుకుపోవడం, ఎవడో వచ్చి చవగ్గా ఎత్తుకుపోవడం మామూలే. ఈసారి ప్రేమజ్యోతి స్త్రీల సమాజం కూటంలో లేచి, "గుడ్లు నాకియ్యండి, పిల్లల్ని చేసిస్తా. మీకు సగం, నాకు సగం" అంది. పాతదే అయినా బాగా నడిచే పొదిగే యంత్రం ఒకటి నంద్యాల వైపు నుంచి తెచ్చుకుంది. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు ఇంటికి పన్నెండు చొప్పున నాటుకోడి గుడ్లిచ్చారు. నూట అరవై ఎనిమిది.

యంత్రంలో వేడి ముప్పై ఏడున్నర డిగ్రీలు. ఇరవై ఒక్క రోజులు, రాత్రీ పగలూ. కాస్త అటూ ఇటూ అయితే గుడ్లు తట్టుకుంటాయి. గంటలకు గంటలు చల్లబడితే మాత్రం లోపలున్నది లోపలే పోతుంది. ఊళ్ళో కరెంటేమో చెప్పి రాదు, చెప్పి పోదు. అందుకే ఏసుకుమార్ బ్యాటరీ కట్టాడు.

పాడైన ఆటో బ్యాటరీల్లోంచి ఏరి తెచ్చిన ఎనిమిది సెల్లులు. ఒక్కొక్కటి చర్చి బల్ల మీద ఉండే బైబిలంత. వాటిని చెక్కపెట్టెలో వరుసగా బిగించి, పైన బీఎంఎస్ బోర్డు పెట్టాడు. అది కాపలా బోర్డు. ఎనిమిదింట్లో ఏ ఒక్కటి మితిమీరి నిండినా, అడుగంటినా, వేడెక్కినా మొత్తాన్నీ ఆపేయడం దాని పని. యంత్రం నట్టింట్లో ఉంటే, పెట్టెను ఇంటి పక్కన రేకుల కొట్టంలో గోడకు చేర్చి పెట్టాడు. కరెంటు పోతే యంత్రాన్నీ, ఇంట్లో లైట్లనూ, ఫ్యానునూ, మిక్సీ ప్లగ్గునూ ఇన్వర్టరు అందుకుంటుంది, యంత్రం కన్ను కూడా ఆర్పదు. మొదటి రోజు ప్రేమజ్యోతి స్విచ్చి ఆపి, వేసి, మళ్ళీ ఆపి చూసి, "బాగుందిరా" అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

అంతటితో ఊరుకుంటే వాడు ఏసుకుమార్ ఎలా అవుతాడు?

ఐదో సెల్లు వాడి మెదడులో దూరింది. ఎనిమిదింట్లో అదొక్కటే బలహీనం. నింపేటప్పుడు అందరికంటే ముందు నిండుతుంది, వాడేటప్పుడు అందరికంటే ముందు ఖాళీ అవుతుంది. మార్చాలంటే మంచిది దొరకాలి, దొరికేలోపు గుడ్లు ఆగవు. షాపులో ఆటో కింద పడుకుని బోల్టు తిప్పుతుంటాడు, ఐదో సెల్లు గుర్తొస్తుంది. టీ తాగుతుంటాడు, ఐదో సెల్లు. గంటకోసారి ఇంటికి ఫోను: "అక్కా, పెట్టె మీద చెయ్యి పెట్టి చూడు. కాలుతాండాదా?"

లక్ష్మన్న ఇదంతా చూసి నవ్వేవాడు. "ఏమప్పా, కొత్తగా పెండ్లయినోడు గూడా ఇన్నిసార్లు ఇంటికి ఫోన్ జెయ్యడు. ఆ పెట్టెకు చీర కట్టినావా ఏంది?"

"నీకేమన్నా తెలుసునా అన్నా? పాత సెల్లులు. అంటుకున్నాయంటే ఇల్లు మిగలదు."

"అంటుకోవులేప్పా ఈ రకం. ఊరికే బుర్ర చెడగొట్టుకోవాకు."

బుర్ర చెడగొట్టుకోవద్దంటే చెడగొట్టుకోకుండా ఉండే మనిషైతే కాలేజీ మానేవాడే కాదు. ఆ ఆదివారం ఆరాధన ముగియగానే వాడు పనిలో దిగాడు. కాపలా బోర్డుకు పక్కన నాలుగు తీగల సాకెట్టు ఒకటుంటుంది. దానికి రెండు వేళ్ళ వెడల్పున్న వైఫై బోర్డు తగిలిస్తే ఎనిమిది సెల్లుల లెక్కా, పెట్టె వేడీ, ఎంత కరెంటు పోతోందీ, అన్నీ ఫోనులోకి వస్తాయి. ఎక్కడున్నా చూసుకోవచ్చు. రెండు గంటల పని అనుకున్నాడు. మూడు ఆదివారాలు పట్టింది. వాటిలో రెండు, యంత్రంలో గుడ్లు పెట్టాక వచ్చినవే.

మొదటిసారి వైఫై బోర్డుకు కావలసిన కాస్త కరెంటును ఎనిమిది సెల్లుల్లో మొదటి రెండింటి నుంచి తీసుకున్నాడు. దగ్గరగా ఉన్నాయి, తీగ అందింది, అంతే. వారం తిరిగేసరికి ఆ రెండు సెల్లులూ మిగతావాటికంటే కిందికి దిగిపోయాయి. కనిపెట్టి చూడమని పెట్టిన బోర్డే రాత్రింబవళ్ళు వాటిని చప్పరిస్తోంది. ఆ సంగతి ఫోనులో చూపించింది కూడా ఆ బోర్డే.

తర్వాత ఇంకో తమాషా. కరెంటు ఉన్నంతసేపూ అంకెలు చక్కగా వచ్చేవి. పోగానే ఆగిపోయేవి. రౌటరు ఆ ఇన్వర్టరు మీద లేదు, కరెంటుతో పాటు అదీ ఆరిపోతుంది కదా మరి. బ్యాటరీ పనిచేసే వేళకు సరిగ్గా బ్యాటరీ కబురు తెలియదు. వాడు తల బాదుకుని, బ్యాటరీ మొత్తం నుంచి, ఓల్టేజీ దించే చిన్న కన్వర్టరు ఒకటి లాగి, రౌటరునూ వైఫై బోర్డునూ దాని మీదికి మార్చాడు. కన్వర్టరునూ వైఫై బోర్డునూ పెట్టె మూత మీద టేపుతో అతికించాడు. తీగకు మధ్యలో ఫ్యూజు వెయ్యాలి. ఆ పూట చేతిలో లేదు. రేపు వేద్దామనుకున్నాడు. రేపటికి వాడి మనసు ఇంకో దాని మీదికి పోయింది.

అంకెలు రావడం మొదలయ్యాక వాడికి నెమ్మది కలిగిందా అంటే, ఉన్న కాస్త నెమ్మదీ పోయింది. ముందు గంటకోసారి ఫోను చేసేవాడు, ఇప్పుడు రెండు నిమిషాలకోసారి ఫోను చూస్తాడు. కరెంటు పోయినప్పుడల్లా ఫోనులో గీసుకుపోయే గ్రాఫు గీతల్లోంచి ఇల్లంతా కనబడసాగింది. తెల్లవారుజామున నాలుగున్నరకు తొమ్మిది వాట్లు లేస్తే అమ్మ ప్రార్థనకు లైటు వేసిందని. పదింటికి ఒక్కసారి గోడలా లేచి పడితే అక్క మిక్సీ తిప్పిందని.

"అక్కా, కరెంటు లేనప్పుడు మిక్సీ ఏస్తివి గదా?"

ప్రేమజ్యోతి నెమ్మదిగా అంది: "రేయ్ కుమారా, నువ్వు కర్నూల్లో ఉండావా, మా అటక మీద ఉండావా?"

"చెట్నీ రోట్లో నూరుకో. ఐదో సెల్లు దిగిపోతాండాది."

"నువ్వొచ్చి నూరు. దొంగోడు గూడా రాత్రిపూటే చూస్తాడు ఇండ్లల్లోకి. నువ్వు పగలంతా చూస్తాండావు."

తల్లి మాత్రం కోపగించుకోలేదు. ఏసుమణికి కొడుకు చేసిన ఏ పనైనా గొప్పే. అది చూసి వాడికో ఆలోచన వచ్చింది. షాపులో చేతులు ఖాళీ లేనప్పుడు తను ఫోను చూడలేడు, అమ్మ ఫోనులోనూ పెడితే సరి. పెట్టాడు. ఎనిమిది సెల్లులూ గిల్లులూ ఆమెకెందుకు; ఒకే ఒక్క అంకె, పెట్టె వేడి, పెద్ద అక్షరాల్లో. మామూలుగా ఆకుపచ్చ. నలభై ఐదు దాటితే ఎరుపు, గంట మోగుతుంది.

"యాభై ఐదు పెట్టుకో చాలు. మన ఎండలకు రేకుల కింద నలభై ఐదు ఊరికే వస్తాది" అని లక్ష్మన్న చెప్పనే చెప్పాడు. అసలు అరవై దాకా ఆ సెల్లులకు ఏమీ కాదు. వాడికీ తెలుసు. తెలిసీ నలభై ఐదే పెట్టాడు.

ఏసుమణి కళ్ళద్దాలు సవరించుకుని ఆ అంకెను చూసింది. "ఇదేంది నాయనా?"

"పెట్టె ఒంట్లో వేడి అమ్మా. మనుషులకు జ్వరం చూస్తారే, అట్లనే. ఎర్రగైతే జ్వరమొచ్చినట్ల. నాకు ఫోన్ జెయ్యి."

"అట్లనా" అంది ఆమె. బాగా అర్థమైంది. ఇద్దరు పిల్లల జ్వరాలు చూసిన మనిషికి అర్థం కాకపోవడానికేముంది.

పద్దెనిమిదో రోజు గురువారం. ఎండ ముదురుతున్న మార్చి నెల. పొద్దున ప్రేమజ్యోతి గుడ్లను చీకట్లో టార్చి ముందు పెట్టి చూసింది. చాలావాటిలో నలుపు నిండుగా ఉంది. ఒకటి రెండింట్లో కదలిక కూడా. ఇక రోజూ గుడ్లను అటూ ఇటూ తిప్పడం ఆపేసి, కదిలించకుండా వదిలేయాలి. మూడు రోజులు. ఆ సాయంత్రమే శ్రమకాలం కూటం వీళ్ళింట్లో. రోజుకో ఇంట్లో జరిగే కూటం ఆ రోజుకు వీళ్ళ వంతుకు వచ్చింది. గుడ్లిచ్చిన పద్నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళూ వస్తారు.

పదకొండింటికి కరెంటు పోయింది. ఎక్కడో లైను పని. బ్యాటరీ అందుకుంది. ఏసుకుమార్ షాపులో ఫోను చూశాడు, పన్నెండింటికి చూశాడు, ఒంటిగంటకు చూశాడు. ఐదో సెల్లు కాస్త దిగింది, పర్వాలేదు. ఒకటిన్నరకు ఓ ఆటో వచ్చింది, అర్జెంటు. ఫోను బల్ల మీద పెట్టి దాని కిందికి దూరాడు. రోజుకు రెండొందల సార్లు ఫోను చూసేవాడు సరిగ్గా ఆ గంటసేపూ చూడలేదు.

బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ ఫోను తీశాడు. అమ్మ నుంచి మూడు మిస్డ్ కాల్స్. అంకెలు తెరిచాడు. వేడి నలభై ఏడుకు పోయింది, అక్కడినుంచి నలభై నాలుగు, నలభై, ముప్పై ఎనిమిది. జారుడుబండ మీద జారినట్టు దిగుతోంది.

"చూడన్నా! దానంతటదే చల్లబడింది."

లక్ష్మన్న నోట్లోని వక్క పక్కకు నెట్టి వాడివైపు చూశాడు. "మధ్యాన్నం రెండున్నరకు రేకుల కింద ఏదప్పా దానంతటదే చల్లబడేది? నువ్వు పడతావా సల్లగ?"

ముప్పై ఏడు. ముప్పై ఆరు. ఆ తర్వాత అంకె కదల్లేదు. తెర మీద చిన్న అక్షరాలు: చివరిసారి అందింది రెండూ నలభై ఒకటికి. వాడు తెరను కిందికి లాగాడు, మళ్ళీ లాగాడు. ఇంటికి ఫోను చేశాడు. మొదటి రింగుకే ఏసుమణి ఎత్తింది. ఆమె గొంతులో భయం లేదు, ఏదో సాధించిన తృప్తి.

"తగ్గిందా నాయనా జ్వరం?"

వాడు ఫోను చెవికి నొక్కుకుని బైకు వైపు నడిచాడు.

"నీకు మూడుసార్లు చేస్తి, ఎత్తకపోతివి. ఎర్రగ మోగుతానే ఉండాది. ఇంగేం జేద్దును? గోనెపట్ట బాగా తడిపి కప్పినా, కుండకు చుట్టినట్ల. రెండుసార్లు నీళ్ళు గూడ చల్లినా. చెయ్యి పెట్టి ప్రార్థన జేసినా. మంచులెక్క ఐపోయిందిప్పుడు."

"అమ్మా... మిషన్ నడుస్తాండాదా?"

"ఏ మిషనూ?"

వెనకాల నుంచి అక్క కేక వినబడింది: "అమ్మా! మిషన్‌లో లైటు లేదు! కొట్టంలో ఏందో కాలిన వాసన!"

"దగ్గరికి పోవద్దండి ఇద్దరూ! గోనె ముట్టుకోవద్దండి! నేను వస్తాండా!"

ఇరవై ఐదు కిలోమీటర్లు. హైవే మీద లారీల మధ్యనుంచి పోతుంటే వాడి బుర్రలో ఒకటే లెక్క. యంత్రం ఆగింది రెండూ నలభై ఒకటికి. గది వేడి ముప్పై రెండుంటుంది. ఎండ ఉన్నంతసేపూ గుడ్లకు ప్రాణభయం లేదు. ఆరు దాటితే రాళ్ళ గుట్టల మీదనుంచి చల్లగాలి దిగుతుంది, తెల్లారేసరికి ఇరవైకి పడుతుంది. కరెంటు రాకపోతే సాయంత్రంలోపు బ్యాటరీ లేవాలి. లేవకపోతే నూట అరవై ఎనిమిదీ పోయినట్టే. ఓర్వకల్లు దగ్గర బండి మలుపు తిప్పుతూ ఎదురొచ్చే మేకల మందను తిట్టాడు, మేకలవాణ్ణి తిట్టాడు, వాడు తిరిగి తిట్టాడు, వినడానికి ఆగలేదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి ప్రేమజ్యోతి యంత్రం చుట్టూ దుప్పట్లు కప్పి, వేడినీళ్ళు పోసిన సీసాలు తువ్వాళ్ళలో చుట్టి లోపల అడుగున పేర్చి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని లోపలి థర్మామీటరు మీద కళ్ళు పెట్టి ఉంది. "ముప్పై అయిదున్నర" అంది, తల తిప్పకుండా. "నేను దీన్ని పట్టుకుంటా. నువ్వు దాన్ని చూడు."

కొట్టంలో ఏసుమణి గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పెట్టె మీద తడి గోనెపట్ట నీటుగా, నాలుగు మూలలూ సమంగా సర్ది ఉంది, పసిపిల్లకు కప్పినట్టు. వాడు ముందు ఇన్వర్టరు తీగ పీకి, చెప్పులతోనే ఎండిన పలక మీద నిలబడి, కర్రతో గోనెను పక్కకు లాగాడు. కాపలా బోర్డు క్షేమంగా ఉంది. కంపెనీవాళ్ళు దాని మీద రబ్బరు లాంటిది పోసే పంపుతారు. సెల్లులూ బాగానే ఉన్నాయి. తడిసి, నల్లగా మాడి, ఉబ్బిపోయింది ఒకే ఒక్కటి: మూత మీద వాడు టేపుతో అతికించిన కన్వర్టరు. దాని పక్కన వైఫై బోర్డు మీద నీటిచుక్కలు.

అర్థమైపోయింది. నీళ్ళు కారి కన్వర్టరు షార్టయింది. మధ్యలో ఫ్యూజుంటే అదొక్కటే పోయి ఊరుకునేది. లేదు గనక షార్టు నేరుగా బ్యాటరీని తాకింది, కాపలా బోర్డు తన పని తాను చేసి మొత్తం ఆపేసింది. ఆ బోర్డుకున్న బుద్ధిలో సగమున్నా తనకు చాలనిపించింది వాడికి.

"నేనే పాడుజేసినానా నాయనా?" అంది ఏసుమణి.

"జ్వరమని చెప్పింది వాడే గదమ్మా" అని లోపలినుంచి ప్రేమజ్యోతి అరిచింది. "జ్వరానికి తడిగుడ్డ ఏయకుండా ఏంజేస్తారు ఎవురైనా?"

వాడు కటింగ్ ప్లేయరుతో కన్వర్టరు తీగలు రెండూ కత్తిరించాడు, ముందు ఒకటి, కొస టేపుతో మూసి, తర్వాత రెండోది. మూడు ఆదివారాల పని. నాలుగు తీగల సాకెట్టు పీకాడు. మూత, పక్కలు, సందులు పాత లుంగీతో తుడిచాడు, ఆరబెట్టాడు, మళ్ళీ తుడిచాడు. మీటరు ముళ్ళు పెట్టి ఎనిమిది సెల్లులూ ఒక్కొక్కటే చూశాడు. ఏడూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఐదోది దిగువన. లోడంతా తీసేసి ఆగితే కాపలా బోర్డు తనంతట తాను తేరుకోవాలి. వాడు ఆగాడు. ఒక నిమిషం. వాడి జీవితంలో అంత పొడుగు నిమిషం లేదు. పచ్చలైటు రాలేదు. ఇంకోసారి తీగలన్నీ చూసుకుని, వెనక్కి కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుని మళ్ళీ ఆగాడు. వెలిగింది.

ఐదు కావస్తుండగా యంత్రం ఫ్యాను తిరగడం మొదలైంది. అప్పటికి లోపల ముప్పై నాలుగు.

ఇక అసలు చిక్కు మొదలు. కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మ్యాన్‌కే తెలియదు. పక్క ఊళ్ళో స్తంభం ఒరిగిందట. బ్యాటరీ సగానికి పైగా ఉంది, యంత్రం ఒక్కటే నడిస్తే రేపటిదాకా చాలు. కానీ ఐదో సెల్లు ముందే అడుగంటితే కాపలా బోర్డు మిగతా ఏడింటితో సహా ఆపేస్తుంది. ఫోనులో చూడడానికి ఇప్పుడేమీ లేదు. పక్కన కూర్చుని మీటరుతో చూస్తూ, అది బాగా దిగినప్పుడల్లా దానికొక్కదానికే చిన్న చార్జరుతో, బైకు బ్యాటరీ మీదనుంచి, కాస్త కాస్త ఎక్కించాలి.

"లైట్లు ఒద్దు. ఫ్యాను ఒద్దు. ఫోన్లు గూడా పెట్టొద్దండి" అన్నాడు.

"ఆరింటికి కూటముండాది గదరా" అంది ప్రేమజ్యోతి. "అందరూ వస్తారు. ఏం చెప్పాల?"

"కొవ్వొత్తులు పెట్టు."

"కొవ్వొత్తుల గురించి కాదురా నేనడిగేది."

ఏం చెప్పాలో ఆమె తేల్చుకునేలోపే ఆడవాళ్ళు రానే వచ్చారు, పాటల పుస్తకాలు చంకలో పెట్టుకుని. అందరికంటే ముందు దీవెనవ్వ. డెబ్బై ఏళ్ళు, సమాజానికి ఆమే పెద్ద, నోరు ఇంకా పెద్దది. చీకటి నట్టింటిని చూసి, దుప్పట్లు కప్పిన యంత్రాన్ని చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమ్మే జ్యోతీ, గుడ్లకు చలిజ్వరమొచ్చిందా ఏంది?"

ఆ మాటకు ఏసుమణి ఏడుపు ఆపుకోలేకపోయింది. "నేనే అవ్వా, నేనే నీళ్ళు పోస్తి..." అని మొదలుపెట్టింది. ఏసుకుమార్ కొట్టంలోంచి బయటికొచ్చి అడ్డుపడ్డాడు.

"అమ్మ కాదు. నేను. అమ్మకు తప్పు చెప్పినా, ఏయాల్సిన ఫ్యూజు ఏయలేదు. రెండు గంటలు మిషన్ ఆగిపోయిండాది. ఇప్పుడు నడుస్తాండాది. గుడ్లు ఉంటాయో పోతాయో నాకు తెలీదు."

ఎవరో వెనకాల, "నా గుడ్లు పందెం పుంజు జాతివి, ఎన్నాళ్ళు దాపెట్టి ఇస్తినో" అని గొణిగింది. ఇంకెవరో, "కోడి కింద పెట్టుంటే కోడికి ఫ్యూజు పోదు గదా" అంది. ఒకరిద్దరు నవ్వారు, నవ్వకూడదనుకుంటూనే. దీవెనవ్వ మాత్రం వాణ్ణే చూస్తూ, "చదువు మానేసినోని చేతిల పెడితిమి చూడు మన గుడ్లు" అంది. వాడు ఆ మాట మింగి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. మీటరు చూడాల్సిన వేళైంది.

కూటం కొవ్వొత్తి వెలుగులోనే జరిగింది. ప్రార్థనలో గుడ్ల మాట వచ్చింది, వాడి పేరు కూడా వచ్చింది. దీవెనవ్వ గొంతే అది. వాడు సెల్లు సెల్లుకూ ముళ్ళు ఆనించి, సిమెంటు సంచి ముక్క మీద అంకెలు రాసుకుంటూ ఉన్నాడు. అరగంటకోసారి. మధ్యలో లేచి తిరగాలనిపించేది, కాళ్ళు తిమ్మిరెక్కేవి, కూర్చున్నాడు. అలా ఆ రాత్రంతా, మర్నాడు పదకొండింటిదాకా. పదకొండింటికి కరెంటు వచ్చింది. ఐదో సెల్లు గట్టెక్కింది.

లక్ష్మన్న ఫోను చేశాడు. "ఏమప్పా, బతికే ఉండావా? ఫ్యూజెందుకు ఏయలే?"

"మర్సిపోయినా."

"మర్సిపోలే. నీకు ఆగే ఓపిక లేదు. సరే, పిల్లలు దిగినంక రా."

ఇరవై ఒకటో రోజు తెల్లారుతుండగా ప్రేమజ్యోతి వాణ్ణి తట్టి లేపింది. యంత్రం అద్దంలోంచి చూస్తే ఒక గుడ్డు పెంకు మీద బియ్యపు గింజంత పగులు. మధ్యాహ్నానికి పదిహేడు దిగాయి. మర్నాటి సాయంత్రానికి గదంతా కిచకిచలు. ఇరవై మూడో రోజు ఇక దిగేవి లేవని తేలాక లెక్కపెట్టారు. నూట ఇరవై తొమ్మిది పిల్లలు. యంత్రంలో ముప్పై తొమ్మిది గుడ్లు మిగిలాయి.

"పాత మిషన్‌కు శానా మంచి లెక్కేరా" అంది ప్రేమజ్యోతి. ముఖం కడుక్కున్నట్టు తేటపడింది. "కరెంటు పోకున్నా ముప్పై దాకా పోతాయి ఎట్లైనా. మిగిలినవి గుంతలో పూడుస్తాంలే."

"పగలగొట్టి చూస్తాం."

"ఏంటికి?"

"ఎప్పుడు చచ్చినాయో తెలుస్తాది గదా?"

తెలుస్తుంది. ప్రేమజ్యోతికీ తెలుసు. పిల్ల కట్టనిది సొన సొనగానే ఉంటుంది. మొదట్లో పోయింది నెత్తురు చారగా ఉంటుంది. పద్దెనిమిదో రోజు దాకా బతికి పోయింది మాత్రం ఈకలతో, ముక్కుతో, గోళ్ళతో ముడుచుకుని ఉంటుంది. "ఒద్దులేరా, వాసనొస్తాది" అందామె. వాడు అప్పటికే పెరట్లో బక్కెటు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఒక్కొక్కటే పగలగొట్టారు. సొనవి ఇరవై. చారలవి ఎనిమిది. చివరికి వాడి ఎడమ పక్కన గుడ్డ మీద పదకొండు పిల్లలు వరుసగా ఉన్నాయి, తడి ఈకలతో, కళ్ళు మూసుకుని.

"అన్నీ ఆ పూటే పోయినాయని ఏముందిరా" అంది అక్క. "ఊరికే గూడా పోతాయి కొన్ని."

"కొన్ని పోతాయి. ఏవి ఊరికే పోయినాయో చెప్పలేము గదా. అన్నీ నావే అనుకుంటా."

సాయంత్రం ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని వచ్చారు. ఆ పదకొండింటినీ తన వాటాలోంచే తగ్గించుకుంటానని ప్రేమజ్యోతి ముందే చెప్పింది. ఎవరికీ తక్కువ కాలేదు. నవ్వులు, బేరాలు, "ఆ నల్లది నాది" అని తగవులు. దీవెనవ్వ తన పిల్లల్ని బుట్టలో సర్దుకుని, పైన కొంగు కప్పుకుని, పోయేదల్లా గోడవారగా నిలబడిన ఏసుకుమార్ దగ్గర ఆగింది.

"ఎన్ని పోయినాయిరా నీవల్ల?"

"పదకొండు అవ్వా."

"లెక్కపెట్టినావా?"

"పగలగొట్టి చూసినా."

ఆమె బుట్ట కింద దించింది. నోటిదాకా వచ్చిన మాటేదో లోపలికి తీసుకున్నట్టు దవడలు కదిలాయి. "మట్టల ఆదివారం దాటినంక ఇంగోసారి పెడతాం గుడ్లు. ఈసారి ఇరవై నాలుగిస్తా" అంది ప్రేమజ్యోతి వైపు తిరిగి. తర్వాత వాడితో, "నువ్వు గుడ్లు పెట్టకముందే మీ అమ్మకు అంతా సక్కగ చెప్పు. కూర్చోని చెప్పు" అని, బుట్ట నడుమున పెట్టుకుని గుమ్మం దిగింది.